లాభం, రెండు, మూడు

బెల్లం మండీలో ముప్పై రెండేండ్లు
నేను మూట దించేది, మొగిలప్ప లెక్క పెట్టేది.
ఒకటి అనడు. లాభం అంటాడు.
లాభం, రెండు, మూడు...
కాయితం లేదు, కలం లేదు,
చెవి మీద సుద్దముక్క, అంతే.
సాయంత్రానికి నాలుగు వందల మూటలు,
ఏది ఎవరి బండిదో, ఏది తేమ పట్టిందో
కండ్లు మూసుకుని చెప్పేసేవాడు.

మూడేండ్లుగా కిడ్నీలు లేవు ఆయనకి.
ఉండాయంటే ఉండాయి,
మూతపడిన మిల్లు మాదిరి, పేరు బోర్డు మాత్రం.
వారానికి మూడుసార్లు చిత్తూరు నుంచి తిరుపతికి బస్సు.
పక్క సీట్లో నేను.
నా కూలిలో ఆయన ఏ రోజూ ఒక్క మూట తప్పి రాయలేదు,
అందుకని.

పోయిన ఎండాకాలం,
పూతలపట్టు దాటతా ఉంటే "ఇదేం ఊరురా?" అన్నాడు.
నవ్వినా. ఎగతాళి అనుకుంటి.
చొక్కా గుండీలు ఒకటి పైకి, ఒకటి కిందికి.
పది మెట్లెక్కితే గోడ పట్టుకునేవాడు.
రోజుకి మూడు గ్లాసుల నీళ్ళే తాగాల,
ఆ మూడు కూడా ఎంచలేక కాళ్ళు వాచిపోయినాయి.
చెవి మీద సుద్ద కనపడకుండా పోయింది.
చూస్తే నములుతా ఉండాడు, పిలకాయ మాదిరి,
పెదాలు తెల్లగా చేసుకుని.
వయసైపోయింది కదా, అనింది కోడలు.
చాదస్తం, అన్నారు మండీలో.
నేనూ అదే అనుకుంటి. అబద్ధమెందుకు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. కింది రెప్ప లాగి చూసింది.
లోపల ఎర్రగా ఉండాల్సింది
బియ్యం కడిగిన నీళ్ళ రంగు.
"తాతా, నూరులోంచి ఏడు తీసెయ్యండి."
తొంభై మూడు.
"దాంట్లోంచి మళ్ళీ ఏడు."
ఫ్యాను తిరగతా ఉండింది.
"మళ్ళీ ఏడు, తాతా."
ఆయన నా కల్లా చూసినాడు,
వీపు మీంచి మూట జారిపోయేటప్పుడు కూలోడు చూసే చూపు.
ఎనభై ఆరు నా నోట్లోనే ఉండింది.
నమిలి మింగేస్తిని.

హిమోగ్లోబిన్ ఆరు పాయింటు నాలుగు.
కిడ్నీ కబురు పెడితేనే ఎముకలో రక్తం తయారవుతుందంట,
ఆ కబురే పోవడం లేదంట.
రక్తం పలచనైతే తలకి గాలి చాలదంట.
ఇంకా ఏందేందో చెప్పింది డాక్టరమ్మ.
నాకు అర్థమైంది ఒక్కటే, అది మాత్రం బాగా అర్థమైంది:
మేస్త్రీ కేక వెయ్యలేదు,
కూలోళ్ళు రాలేదు,
సరుకంతా కిందే పడి ఉండాది,
పైన గోడౌను ఖాళీ.
మోసేవాళ్ళు లేకపోతే ఏమవుతుందో
నాకు తెలియకుంటే ఇంకెవరికి తెలుస్తుంది?

"సూది వేస్తే అంతా తిరిగొస్తుందా మేడం?"
"కొంత రావచ్చు. అంతా అని చెప్పలేను."
మాట దాచుకోని మనిషి. నచ్చింది నాకు.

ఇనుము నరానికి ఎక్కించినారు.
కేక వేసే సూది ప్రతి మంగళవారం.
కోడలు దాన్ని ఫ్రిజ్జులో పెరుగ్గిన్నె వెనక దాచింది.
ఏడు. ఏడున్నర. మళ్ళీ ఏడుకి దిగింది. ఎనిమిది.
సుద్ద నమలడం మానేసినాడు.
ఊర్ల పేర్లు కొన్ని వచ్చినాయి:
పాకాల వచ్చింది,
దామలచెరువు రాలేదు.

తొమ్మిది దాటిన వారం,
కిటికీలో చంద్రగిరి కోట కనపడతా ఉంటే
జేబులోంచి రూపాయి బిళ్ళలు తీసి నా గుప్పిట్లో పోసినాడు.
"ముప్పై ఆరు. తుఫాను వచ్చిన ఏడాది, శెట్టి బండి,
పద్దెనిమిది మూటలు, మూటకి రెండు.
నీకు రాయడం మరిచిపోతిరా చెంగల్రాయా."

అట్లాంటి బాకీ ఏదీ నాకు గుర్తు లేదు.
ఆయన మరిచినోడూ కాదు.
ఇవి నిజంగా వెనక్కొచ్చిన మూటలో,
ఖాళీ గోడౌను భయపడి తనకి తానే కట్టుకున్న మూటలో
నేను అడగలేదు.
లెక్క అప్పజెప్పేటప్పుడు మాత్రం
ఆ గొంతులో పాత మండీ ఉండింది,
ఈగలతో, పాకం వాసనతో సహా.

బిళ్ళలు ఒక్కొక్కటే ఎంచడం మొదలుపెట్టినా, ఆయనకి వినపడేట్టు.
లాభం, అన్నాను.
బస్సు ఒక గుంతలో పడి లేచింది.
రెండు, అన్నాడు.